చేయి మొద్దుబారితే దాచుకోకు చెల్లె

చెల్లె, అర్ధరాత్రి మెలకువ వచ్చి కుడిచేయి విదిలించుకుంటూ కూర్చుంటున్నావా? బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు తిమ్మిరెక్కి, చిటికెనవేలు మాత్రం బాగానే ఉంటున్నదా? అయితే "పనిజేసే చేతులు గుంజకుంట ఉంటయా" అని సర్దుకోకు.

మణికట్టులో ఎముకలకూ, వాటి మీది గట్టి పట్టీకీ నడుమ ఇరుకైన దారి ఒకటుంది. వేళ్లను ముడిచే తొమ్మిది స్నాయువులూ, వాటితోపాటు మీడియన్ నరమూ అందులోంచే పోవాలి. లోపల వాపొస్తే నలిగేది నరమే. దీన్ని కార్పల్ టన్నెల్ సిండ్రోమ్ అంటారు. ఇది మగవాళ్లకన్నా మనకే ఎక్కువ. కడుపుతో ఉన్నప్పుడు రావచ్చు, థైరాయిడ్, షుగర్ ఉన్నా రావచ్చు. మణికట్టు వంచి, గట్టిగా పట్టి, అదే పనిని పొద్దంతా చేసినా రావచ్చు. పోచంపల్లి, పుట్టపాకల్లో రంగు వేసే ముందు నూలుకు చిటికి కట్టే వేళ్లు, గద్వాల, నారాయణపేట మగ్గాల మీది చేతులు, నల్గొండ చేలల్లో పత్తి ఏరే చేతులు చేసేది అలాంటి పనే. బండలు పగలగొట్టే మిషన్ పట్టిన పాలమూరు కూలీకైతే దాని అదురు కూడా తోడవుతుంది.

ఆలేరు దగ్గరి శారాజీపేట లక్ష్మి సంగతి వినే ఉంటావు. నేతకు ముందు నూలును ఆసు పోయడానికి రోజుకు వేలసార్లు చేయి ఆడించి ఆమె భుజాలు, చేతులు పడిపోయేవి. కొడుకు చింతకింది మల్లేశం అమ్మను ఓర్చుకోమనలేదు. ఏళ్లు తంటాలు పడి 1999లో ఆసు యంత్రం చేసి, దానికి అమ్మ పేరే పెట్టాడు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆమెది భుజం నొప్పి, నీది మణికట్టు. అయినా నాకు అందులో నచ్చింది ఒకటే: ఆయన మార్చింది పనిని. మనం మాత్రం మాత్రలు మింగి మళ్లీ అదే పనికి పోతాం.

తొలిదశలోనే చూపిస్తే, రాత్రిపూట మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోవడంతోనే చాలామందికి నెమ్మదిస్తుంది. కొందరికి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేస్తారు. అప్పటికీ తగ్గకపోయినా, బొటనవేలి కింది కండ కరిగిపోతున్నా ఆపరేషన్. మణికట్టు లోపలి ఆ గట్టి పట్టీని కోసి నరానికి చోటిస్తారు, అంతే. సాధారణంగా అదే రోజు ఇంటికి రావచ్చు. ఆలస్యం చేస్తే మాత్రం, ఆపరేషన్ అయినా మొద్దుతనం పూర్తిగా పోకపోవచ్చు.

అసలు కష్టం ఆపరేషన్ తర్వాత. కుర్చీలో కూర్చుని చేసే పనికి కొద్ది వారాల్లోనే పోవచ్చు. బరువు పనికి ఆరు వారాలో, ఇంకా ఎక్కువో ఆగాలి. పిడికిలి బలం తిరిగి రావడానికి నెలలు పడుతుంది. కూలి మానేస్తే పూట గడవదని నాకు తెలుసు. మగ్గం ఇంట్లో అయితే ఆడదాని పనికి వేరే కూలే కట్టరు కాబట్టి, ఆమె సెలవు కూడా ఎవరి లెక్కలోకీ రాదు. మగ్గం పని ఆపినా తడిబట్టలు పిండడం, జొన్నరొట్టె కొట్టడం, బిందెలు మోయడం ఆగవు. మణికట్టుకు అవీ బరువు పనులే. అందుకే ఆపరేషన్ తేదీ పెట్టుకునే ముందే ఇంట్లో కూర్చోబెట్టి అడుగు, ఆ ఆరు వారాలు రొట్టె ఎవరు కొడతారు, బట్టలు ఎవరు పిండుతారు అని.

నల్గొండలో, మహబూబ్‌నగర్‌లో మెడికల్ కాలేజీలున్నాయి, వాటి దవాఖానల్లో ఎముకల డాక్టర్లున్నారు. ఏ వేళ్లు తిమ్మిరెక్కుతున్నాయో, నువ్వు చేసే పనేమిటో రెండూ చెప్పు. ఈ వారమే పో, చెల్లె.