అది లేనిచోట ఏం జరిగింది?

చెల్లెమ్మా, చాన్నాళ్ళుగా మనసులో నలుగుతున్న మాటొకటి నీతో చెప్పుకోవాలి. ముత్తుకూరు, విడవలూరు, అల్లూరు వైపు రొయ్యల గుంటలున్న ఇళ్ళలో పంట పోయినప్పుడు "కోడలు కాలుపెట్టిన వేళ అలాంటిది" అనే మాట ఇంకా వినబడుతూనే ఉంది. పెళ్ళి మొన్న, నష్టం నిన్న. వెంటవెంటనే జరిగితే చాలు, మనసు రెండింటికీ ముడిపెట్టేస్తుంది.

ఆ తొందర మనందరికీ పుట్టుకతో వచ్చిందే. పాము కనబడగానే వెనక్కి దూకి బతికేది దానివల్లే. నిదానంగా లెక్క చూసే బుద్ధి కూడా మనలోనే ఉంది, కాకపోతే అది పిలిస్తేగాని రాదు. ఈ రెండు తీరుల మీదే మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్ 2011లో ఒక పుస్తకం రాశాడు.

ఆ బుద్ధిని పిలవడానికి, కారణమనుకున్నదాని గురించి ఒక్క ప్రశ్న అడిగితే చాలు: అది లేనిచోట ఏం జరిగింది?

1994-95లో తెల్లమచ్చ వైరస్ మన తీరాన్ని ఊడ్చేసింది. కొత్త కోడలొచ్చిన ఇంటి గుంటా పోయింది, రాని ఇంటి గుంటా పోయింది. ఆ తెగులు సీడ్‌తో (రొయ్యపిల్లలతో), నీళ్ళతో, పీతలతో వస్తుంది. సీడ్‌కు పీసీఆర్ పరీక్ష చేయించి గుంటలో వదలడం అందుకే.

ఇదే ప్రశ్న మందు దగ్గరా అడగాలి. 2021 మే నెలలో కృష్ణపట్నం గుర్తుందిగా! కరోనాకని ఆనందయ్య ఇచ్చిన నాటుమందు కోసం వేలమంది వచ్చారు. "వాడాం, తగ్గింది" అన్నారు. వాళ్ళు అబద్ధమాడలేదమ్మా. కానీ ఆ మందు ముట్టనివాళ్ళలోనూ ఎక్కువమందికి కరోనా తగ్గింది. మరి ఆ గొప్ప మందుదా, ఒంటిదా? ఆ మే 31న కంటిచుక్కలను పక్కనబెట్టి, మిగతా మందుల్లో కొన్నిటికి ప్రభుత్వం అనుమతిచ్చింది. హాని లేదని చెప్పిందేగాని, కరోనాను తగ్గిస్తుందని రుజువైనట్టు చెప్పలేదు.

రుజువుకి దారి ఎప్పుడో ఉంది. 1747లో జేమ్స్ లిండ్ అనే ఓడ వైద్యుడు స్కర్వీ అనే జబ్బు పట్టిన 12 మంది నావికులను ఇద్దరిద్దరుగా విడదీసి, ఒక్కో జంటకు ఒక్కో వైద్యం చేశాడు. నారింజ, నిమ్మపండ్లు తిన్న ఇద్దరూ అందరికంటే ముందు కోలుకున్నారు. పోల్చి చూశాడు కాబట్టే తెలిసింది.

మందు దగ్గర పొరబడితే ఒంటికి నష్టం. కోడలి దగ్గర పొరబడితే ఏ తప్పూ చేయని పిల్ల బతుకంతా ఆ నింద మోయాలి. కాబట్టి ఈసారి ఎవరైనా ఆ మాటంటే తలొంచుకుని ఊరుకోకు. మర్యాదగానే అడుగు: "అత్తయ్యా, మరి పక్కవాళ్ళ గుంట ఎందుకు పోయింది?"