మతిమరుపుతో మళ్లీ డ్యూటీకి

పక్షవాతం నుంచి కోలుకుంటున్నవాళ్లనో, బండి మీంచి పడి తలకు దెబ్బ తగిలినవాళ్లనో చూడ్డానికి వచ్చిన బంధువులు ముందుగా అడిగేది ఒకటే. "నేనెవరో గుర్తుపట్టావా? చెప్పు చూద్దాం." ప్రేమ కొద్దీ అడుగుతారు, కాదనను. కానీ జ్ఞాపకం దెబ్బతిన్న మనిషికి అది పరీక్ష. తోచిన పేరేదో చెప్తాడు, తప్పవుతుంది, మర్నాడు అడిగినా అదే తప్పు నోటికి వస్తుంది. అందుకని ఆ ప్రశ్న మానేసి, "మామయ్యా, నేను మీ పెద్దక్క కొడుకుని" అని మీరే ముందు చెప్పండి.

ఇది మర్యాద కోసం చెప్తున్న మాట కాదు. నిన్న ఏం జరిగిందో గుర్తుంచుకునే శక్తి, చేతికి అలవాటైన పనిని చేసే శక్తి మెదడులో వేరు వేరు. 1953లో అమెరికాలో మూర్ఛ తగ్గడానికి చేసిన ఆపరేషన్ తరవాత హెన్రీ మొలైసన్ అనే ఆయనకు కొత్త సంగతులు గుర్తుండటం ఆగిపోయింది. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీతల మధ్య పెన్సిల్ నడపడం మూడు రోజుల్లో బాగా వచ్చేసింది. అంతకు ముందు తానది చేసినట్టు మాత్రం ఆయనకు తెలియదు. ఈ రెండో శక్తి మిగిలి ఉంటే చాలామందికి ఉద్యోగం మీద ఆశ పెట్టుకోవచ్చు. చిక్కు ఏమిటంటే, అది ఒప్పునూ తప్పునూ ఒకేలా పట్టుకుంటుంది. "పోయినసారి అలా చేస్తే తప్పయింది" అని సరిదిద్దాల్సిన మొదటి శక్తి దెబ్బతిని ఉంటుంది. అందుకే నేర్పేటప్పుడు తప్పు చేసే అవకాశమే ఇవ్వకూడదని మనస్తత్వవేత్తలు ఆలన్ బాడ్లీ, బార్బరా విల్సన్ 1994లో ప్రయోగం చేసి చూపించారు. తప్పులు చేస్తూ నేర్చుకోనివ్వాలనే మన పాత పద్ధతి ఇక్కడ పనికిరాదు.

హైదరాబాద్‌లో అబిడ్స్, నాంపల్లి చుట్టుపక్కల పనిచేసేవాళ్లను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. ట్రూప్ బజార్ ఎలక్ట్రికల్ కొట్లలో సేల్స్‌మన్లు, బట్టల షాపుల గుమాస్తాలు, నాంపల్లి కోర్టు దగ్గర ప్లీడరు గుమాస్తాలు, గన్‌ఫౌండ్రీ బ్యాంకు ఉద్యోగులు, సర్కారీ ఆఫీసుల్లో సీనియర్ అసిస్టెంట్లు. వీళ్లందరి పనీ జ్ఞాపకం మీదే నడుస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పోయిన జ్ఞాపకశక్తిని మాత్రలతోనో పజిళ్లతోనో వెనక్కి తెచ్చుకోవాలని నెలల తరబడి కూర్చోకండి. జ్ఞాపకం చేసే పనిని పుస్తకానికి, ఫోనుకు, అలవాటుకు అప్పగించి ఉద్యోగాన్ని వెనక్కి తెచ్చుకోండి. మెమరీ గేములు ఆడినవాళ్లు ఆ గేముల్లో ఆరితేరతారు. గోదాంలో పెట్టిన సరుకు ఎక్కడుందో గుర్తురావడానికి అవి అక్కరకు వస్తాయని నమ్మకం లేదు.

అన్నిటికంటే ముందు న్యూరో డాక్టరు. బి12 లోపం, థైరాయిడ్, దిగులు జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే గురక, రోజూ మింగే నిద్రమాత్రలు, తాగుడు, వీటిలో ఏది ఉన్నా మతిమరుపు వస్తుంది. చాలావాటికి వైద్యం ఉంది. శాకాహారులు బి12 పరీక్ష తప్పక అడిగి చేయించుకోవాలి. ఉన్నట్టుండి ఒక్క రోజులో మతి తప్పితే, మూతి వంకరపోతే, మాట తడబడితే అపాయింట్‌మెంట్ కోసం చూడకండి, వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లాలి. తలకు దెబ్బ తగిలినవాళ్లకు తరవాత ఫిట్స్ రావచ్చు. డాక్టరు సరే అనేదాకా బండి, నిచ్చెన, మెషీన్ ముట్టుకోవద్దు. ఆ తరవాత రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉన్న క్లినికల్ సైకాలజిస్టుతో పరీక్ష చేయించండి. "జ్ఞాపకశక్తి తక్కువ" అని రాసిచ్చే రిపోర్టు ఎందుకూ పనికిరాదు. చూసింది గుర్తుంటుందా, విన్నది గుర్తుంటుందా, పక్కన గోల ఉంటే ఏమవుతుంది, ఎంతసేపటికి అలసిపోతాడు, ఇవి రాసి ఇమ్మని అడగండి. యజమానికి చూపించాల్సింది అదే.

మతిమరుపుకూ మాట్లాడే భాషలకూ ఉన్న సంబంధం మీద పరిశోధనలో మన ఊరికి ప్రపంచంలో పేరుంది. పంజాగుట్ట నిమ్స్ మెమరీ క్లినిక్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. రెండు, అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు దాదాపు 4.5 ఏళ్లు ఆలస్యంగా మొదలైంది. బడికి వెళ్లనివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. 2016లో 608 మంది పక్షవాత రోగుల మీద వచ్చిన పరిశీలనలో, ఆలోచనాశక్తి మామూలుగా నిలిచినవాళ్లు బహుభాషల వారిలో 40.5 శాతం, ఒకే భాష వారిలో 19.6 శాతం. పొద్దున్నించి సాయంత్రం దాకా తెలుగు, దక్కనీ, హిందీ మార్చి మార్చి మాట్లాడే అబిడ్స్ గుమాస్తాకు ఇది ధైర్యం చెప్పే మాటే. అలాగని దెబ్బ తగిలాక కొత్త భాష మొదలుపెడితే నయమవుతుందని కాదు. చేయాల్సింది మరొకటి ఉంది. జబ్బుకు ముందు లెక్కలు ఏ భాషలో రాసేవాడో డైరీ కూడా ఆ భాషలోనే రాయించండి. ఉర్దూలో చిట్టా రాసే చేతికి ఇంగ్లీషు డైరీ ఇస్తే మొదటి వారంలోనే అది మూలన పడుతుంది.

ఆ డైరీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. డైరీ ఒక్కటే ఉండాలి. చిట్టీలు, అరచేతి మీద నంబర్లు, కేలెండరు మీద గుర్తులు అన్నీ బంద్. చొక్కా జేబులో పట్టే సైజు, దారంతో కట్టిన పెన్ను. ఈ రోజు పనులు ఒక భాగం, ఎవరెవరు ఏమిటన్నది ఇంకో భాగం, వస్తువులు ఎక్కడున్నాయన్నది మూడోది. చివర "చేసేశాను" అన్న పేజీ. ఈ చివరిదే ఎక్కువమంది వదిలేస్తారు, నష్టమంతా అక్కడే జరుగుతుంది. డబ్బు కట్టి వచ్చానా లేదా అని రెండోసారి బ్యాంకుకు పరిగెత్తేది అది రాయకపోవడం వల్లనే. పని అయిన చోటే, అక్కడినుంచి కదలకముందే టైము వేసి రాయాలి.

డైరీ ఉందన్న మాటే మరిచిపోతే? దానికీ పద్ధతి ఉంది. ఇంట్లోవాళ్లు పక్కన కూర్చుని, "ఏం చేయాలో తెలియకపోతే జేబులో డైరీ చూస్తాను" అని ముందు తామే చెప్పాలి. వెంటనే, "ఏం చేయాలో తెలియకపోతే ఏం చేస్తారు?" అని అడగాలి. జవాబు చెప్తూనే చెయ్యి జేబులోకి వెళ్లి డైరీ తియ్యాలి. అర నిమిషం ఆగి అదే ప్రశ్న. తరవాత నిమిషానికి, రెండు నిమిషాలకు, నాలుగుకు, ఎనిమిదికి. మధ్యలో కాఫీ, కబుర్లు మామూలే. తడబడితే ఆలోచించుకోమని వదలకండి. జవాబు వెంటనే చెప్పి, ఆయన చేత అనిపించి, అంతకుముందు సరిగ్గా చెప్పిన వ్యవధికి తగ్గండి. రోజుకు కాసేపైనా చాలు, కానీ రోజూ జరగాలి.

డైరీకి తోడు అలారం కూడా కావాలి. ఇంగ్లండులో మతిమరుపు లాంటి ఇబ్బందులున్న 143 మందికి పేజర్ ఇచ్చి 2001లో ప్రచురించిన పరిశీలనలో, 16 వారాలూ పూర్తిచేసినవాళ్లలో 80 శాతానికి పైగా మంది మందులు, అపాయింట్‌మెంట్లు, రోజువారీ పనులు ముందుకంటే స్పష్టంగా మెరుగ్గా చేసుకోగలిగారు. ఇప్పుడు ఆ పేజర్ అందరి జేబులోనూ సెల్‌ఫోనై ఉంది. ఉట్టి గంట కాదు, చేయాల్సిన పని పేరు మోగాలి. "చెక్కు తీసుకుని మేనేజర్ గారి దగ్గరికి" అని ఇంట్లోవాళ్ల గొంతుతోనే రికార్డు చేయండి. మూడింటి పనికి మూడింటికే మోగాలి, పొద్దున చెప్తే పోతుంది.

దారి కూడా నేర్పాలి. నాంపల్లి మెట్రో దిగి స్టేషన్ రోడ్డు మీదుగా అబిడ్స్ జీపీఓ దాకా, రోజూ ఒకే వైపు ఫుట్‌పాత్, ఒకే చోట రోడ్డు దాటడం. రద్దీ ఉండదని ఆదివారం ప్రాక్టీసు చేయిస్తారు కొందరు. అది మంచిది కాదు. ఆదివారం షట్టర్లు దించి ఉంటాయి, ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు పరుస్తారు. ఆ గుర్తులు పట్టుకున్న మనిషి సోమవారం తెరిచిన కొట్ల ముందు తికమకపడతాడు. పనిరోజున, ఆయన డ్యూటీకి వెళ్లే టైముకే నడిపించండి. జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నుమాయిష్ ఎగ్జిబిషన్‌కు వచ్చే జనం ఉంటారు, వీలైతే చేరే తేదీ ఆ తరవాతికి పెట్టుకోండి.

ఇక పని చోటు. మొదట ఒక్క పూటే డ్యూటీ, ఒకే కౌంటర్, పని చెప్పేది ఒక్కరే. నలుగురు నాలుగు వైపుల నుంచి "అన్నా, అది తే, ఇది చూడు" అంటే ఆరోగ్యవంతుడికే గుర్తుండదు. ఎలక్ట్రికల్ కొట్టయితే ఎంసీబీ స్విచ్చులు ఏ అరలో, వైరు ఏ అరలో అని పెద్ద అక్షరాలతో అతికించండి. గల్లా మొదట్లో ఒంటరిగా అప్పగించకండి. అనుమానించి కాదు, లెక్క తేడా వస్తే నింద ఆయన మీద పడకుండా. అడిగిందే మళ్లీ అడిగినా, సాయంత్రానికి చిరాకు పడినా, తనకేం కాలేదని వాదించినా అది పొగరు కాదు, దెబ్బలో భాగం. వాదన పెంచకుండా పక్కకు తీసుకెళ్లి పది నిమిషాలు కూర్చోబెడితే చాలావరకు సర్దుకుంటుంది.

హక్కుల మాట. సర్కారీ ఆఫీసు, ప్రభుత్వ బ్యాంకు, ఆర్టీసీ వంటి సంస్థల్లో ఉన్నవాళ్లకు 2016 వికలాంగుల హక్కుల చట్టం 20(4) సెక్షన్ అండ. సర్వీసులో ఉండగా వైకల్యం వస్తే తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టు, అదీ లేకపోతే ఆయన కోసమే అదనపు (సూపర్ న్యూమరరీ) పోస్టు ఇవ్వాలి. రంగులు గుర్తించలేడని ఇంటికి పంపిన తెలంగాణ ఆర్టీసీ డ్రైవరుకు వేరే ఉద్యోగం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2025లో ఆదేశించింది. ఇదే చట్టం మానసిక అస్వస్థతకు ఇచ్చిన నిర్వచనంలో జ్ఞాపకం దెబ్బతినడం కూడా ఉంది కాబట్టి వైకల్య సర్టిఫికెట్ గురించి డాక్టరును అడగండి. ప్రైవేటు కొట్లో ఇంత రక్షణ లేదు. కానీ నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కడుతుంటే, చందా షరతులు తీరినవాళ్లకు ఏడాదిలో 91 రోజుల దాకా 70 శాతం వేతనం సిక్‌నెస్ బెనిఫిట్‌గా వస్తుంది. ముందు ఆ కార్డు వెతకండి.

ఇంట్లోవాళ్లకు ఒక విన్నపం. "ఇంకేం చేస్తాడు, రాజీనామా ఇచ్చేయమందాం" అని ఆస్పత్రి మంచం దగ్గరే కాగితాల మీద సంతకం పెట్టించకండి. స్వచ్ఛంద విరమణ కాగితం ఒకసారి వెళ్లాక ఈ హక్కులేవీ అడగడం తేలిక కాదు. ముందు సెలవు పెట్టండి, రిపోర్టు తెచ్చుకోండి, డైరీ అలవాటు చేయండి, ఒక్క పూట డ్యూటీకి లిఖితపూర్వకంగా అడగండి. ఆ తరవాతే రాజీనామా సంగతి.