పదో తరగతి తర్వాత పాలిటెక్నిక్: సిరోంచ తల్లిదండ్రులకు

పదో తరగతి ఫలితాలు రాగానే సిరోంచ తాలూకాలో చాలా ఇళ్లలో ఒకటే మాట వినిపిస్తుంది: ముందు పదకొండో తరగతి సైన్స్‌లో వేద్దాం, తర్వాత సంగతి తర్వాత. పాలిటెక్నిక్ పేరు మాత్రం మార్కులు తక్కువొచ్చిన పిల్లల దగ్గరే ఎత్తుతారు. చేతిపని మీద ఇష్టమున్న బిడ్డకు ఇది అన్యాయం. మోటారు విప్పి చూసే పిల్లవాడు, ఇల్లు కడుతుంటే మేస్త్రీ పక్కన నిలబడి లెక్కలడిగే ఆడపిల్ల మీ ఇంట్లో ఉంటే కాసేపు ఆగి ఆలోచించండి.

మహారాష్ట్రలో పాలిటెక్నిక్ డిప్లొమాకు ప్రవేశ పరీక్ష లేదు. పదో తరగతిలో 35 శాతం వస్తే అర్హత ఉన్నట్టే, సీటు మాత్రం మార్కుల వరుసలో ఇస్తారు. మూడేళ్లు, ఆరు సెమిస్టర్లు. ఆ తర్వాత ఇంజినీరింగ్ రెండో ఏడాదిలో నేరుగా చేరవచ్చు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లు, పన్నెండు సైన్స్ పాసైనవాళ్లు డిప్లొమా రెండో ఏడాదిలో చేరే దారి కూడా ఉంది. అంటే ఇప్పుడు ఐటీఐలో ఉన్న బిడ్డకూ తలుపు మూసుకుపోలేదు.

మన జిల్లా కేంద్రం గడ్చిరోలిలో ప్రభుత్వ పాలిటెక్నిక్ ఉంది. నాగపూర్ ప్రభుత్వ పాలిటెక్నిక్ 1914 నాటిది. కెనడాలో పేరున్న కాల్గరీ పాలిటెక్నిక్ మొదలైంది 1916లో, అదీ పదకొండు మంది విద్యార్థులతో. రెండో ప్రపంచ యుద్ధంలో దాని భవనాలను వాయుసేన తీసుకుంటే పిల్లలు ఎగ్జిబిషన్ మైదానం గ్యాలరీ కింద కూర్చుని చదువుకున్నారు. ఆ సంస్థకు అక్కడ ఇప్పటికీ గౌరవం ఉంది. ఇక్కడ మాత్రం అంతకన్నా రెండేళ్లు పెద్దదైన నాగపూర్ సంస్థను మనం మిగిలిపోయినవాళ్ల చోటుగా చూస్తున్నాం.

ఈ చదువు విలువేమిటో మన గోదావరి ఒడ్డునే చూడొచ్చు. మేడిగడ్డ బ్యారేజీ ఒక చివర మన తాలూకా పోచంపల్లి దగ్గర ఉంది. 2019లో ప్రారంభోత్సవం జరిగిన ఆ బ్యారేజీ పియర్లు (స్తంభాలు) కొన్ని 2023 అక్టోబరులో కుంగాయి. జాతీయ ఆనకట్టల భద్రతా సంస్థ నిపుణులు ప్లానింగ్, డిజైన్, నాణ్యత, నిర్వహణ అన్నింటిలోనూ లోపాలు చూపారు. ఆ నాణ్యత చూడటం నేర్పేదే ఈ చదువు: సివిల్ డిప్లొమా పిల్లలు కాంక్రీటు దిమ్మె పోసి, 28 రోజులు నీళ్లలో ఉంచి, యంత్రంలో నలిపి అది ఎంత బరువు ఓర్చుకుందో కొలుస్తారు. మట్టి తెచ్చి పరీక్షిస్తారు. ఆ పని నిజాయితీగా చేసే మనిషి ప్రతి కట్టడం దగ్గరా కావాలి.

అన్నిటికన్నా ముఖ్యంగా చెప్పాల్సింది భాష గురించి. మన పిల్లలకు ఇంట్లో తెలుగు, కొన్ని ఇళ్లలో మాడియా, బడిలో మరాఠీ. పాలిటెక్నిక్‌లో చేరగానే పుస్తకం ఇంగ్లీషులో, సర్ మాట మరాఠీలో, తోటి పిల్లల ముచ్చట్లు వార్ధా నాగపూర్ యాసలో. మొదటి సెమిస్టర్‌లో గణితం పోయి ఏటీకేటీ (తప్పిన సబ్జెక్టు ఉన్నా ముందుకు వెళ్లనిచ్చే ఏర్పాటు) పడితే ‘మావాడికి రాదు’ అని వెనక్కి పిలుచుకునే ఇళ్లు ఉన్నాయి. దయచేసి ఆ పని చేయొద్దు. లెక్క తెలిసినా ప్రశ్న అర్థం కాక తప్పే పిల్లలూ ఉంటారు. ఆ సబ్జెక్టు మళ్లీ రాసుకోవచ్చు, చదువు ఆగదు.

ఫలితాలకూ క్లాసులకూ మధ్య దొరికే వారాలను దీనికే వాడండి. బాలభారతి పదో తరగతి సైన్స్ పుస్తకం ఇంగ్లీషు మాధ్యమానిది కూడా వేస్తుంది. పాఠాలు అవే. బిడ్డకు మరాఠీలో తెలిసిన పాఠాన్ని రోజుకో పేజీ ఇంగ్లీషులో చదివించండి. చదువురాని తల్లి కూడా పక్కన కూర్చుని వినొచ్చు. ఫోన్ చేసినప్పుడు ‘పాసైతవా లేదా’ అని కాకుండా ‘ఇయ్యాల వర్క్‌షాపుల ఏం చేసినవ్ బిడ్డా’ అని అడగండి. ఫిట్టింగ్, డ్రాయింగ్ షీట్లు, వైవా, సబ్మిషన్ల కోసం రాత్రంతా మేలుకోవడం, అన్నీ వాళ్లే చెప్తారు.

కాగితాలు వానలకు ముందే చేయించండి. 2022 జూలైలో గోదావరి, ప్రాణహిత పొంగి సిరోంచ చుట్టూ ఊళ్లు మునిగాయి. ప్రవేశాలు జరిగేదీ ఆ వానల రోజుల్లోనే. నివాసం, ఆదాయం, కులం, అవసరమైతే నాన్ క్రీమీలేయర్ పత్రాలు ఏప్రిల్, మే నెలల్లోనే తహసీల్ నుంచి తెచ్చుకుంటే మంచిది. నదికి అటు ఉన్న చుట్టాల కులం తెలంగాణలో ఏ జాబితాలో ఉందో చూసి ఇక్కడా అదే అనుకోవద్దు. స్కాలర్‌షిప్ అర్జీ మహాడీబీటీ పోర్టల్‌లో పెట్టేది వేరే పని, సీటు రాగానే మరిచిపోకుండా చేయాలి. పిల్లవాడు తెలంగాణ వైపు పోతానంటే అక్కడ పాలిసెట్ అనే ప్రవేశ పరీక్ష రాయాలి. మహారాష్ట్ర బడిలో చదివితే స్థానిక కోటా దొరకడం కష్టం, అది ముందే తెలుసుకోండి.

కెనడా సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే గోదావరి వంతెన దాటి తెలంగాణలోకి వెళ్తే కెనడా చదువుల బోర్డులే కనిపిస్తాయి. 2025 సెప్టెంబరులో వచ్చిన నిబంధన ప్రకారం ఒక విద్యార్థి ఫీజు, ప్రయాణం కాక బతకడానికి 22,895 కెనడా డాలర్లు చూపాలి, అంటే 14 లక్షల రూపాయల పైనే. కాలేజీ నడిచే రోజుల్లో బయట పని వారానికి 24 గంటలే. డిప్లొమా కోర్సు తర్వాత వర్క్ పర్మిట్ కావాలంటే ఆ కోర్సు ప్రభుత్వ జాబితాలో ఉండాలి, ఈ నిబంధన 2024 నవంబరులో వచ్చింది. అప్పు కోసం సాత్‌బారా (భూమి కాగితం) బ్యాంకులో పెట్టే ముందు ఈ మూడూ అడిగి చూడండి. ఇక్కడ డిప్లొమా చేసి, ఏడాది అప్రెంటిస్‌గా పనిచేసి, చేతిలో పని ఉన్నాక వెళ్తానంటే అప్పుడు నేనే వెళ్లనివ్వమంటాను.

ఆడపిల్లల విషయంలో మీ భయం నాకు అర్థమవుతుంది. గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల పైన, ఎస్టీ బస్సులో పూట గడిచిపోతుంది. అందుకే కాలేజీలు, బ్రాంచిలు వరుసగా ఎంచుకునే ఆప్షన్ ఫారం నింపకముందే ఒకసారి ఆమెను తీసుకుని వెళ్లండి. హాస్టల్ చూడండి, రెక్టర్‌తో మాట్లాడండి, రాత్రి జ్వరమొస్తే ఎవరు చూస్తారని అడగండి. తర్వాత ఆమెను వర్క్‌షాపులోకి పంపి మీరు బయట ఆగండి. ఏ బ్రాంచి ముందు, ఏది తర్వాత అన్నది తిరిగొచ్చాక ఆమెతోనే రాయించండి.