వేగం - వేడి - వివేకం

ఉద్దేశం: యంత్రాన్ని నిర్ణీత వేగానికి మించి నడపడంలోని శాస్త్రాన్ని, అందులో పాటించవలసిన క్రమశిక్షణను తెలియజెప్పడం, పొందే ప్రతి లాభానికి చెల్లించవలసిన వెలను ముందుగా లెక్కగట్టే అలవాటును విద్యార్థులలో పెంపొందించడం ఈ పాఠం ఉద్దేశం.

అచ్చుయంత్రం రాకముందు మన కావ్యాలు ఎక్కువగా తాళపత్రాల మీద గంటంతో రాసిన ప్రతుల రూపంలోనే నిలిచాయి. లేఖకుడు నిదానంగా రాస్తే ప్రతి శుద్ధంగా వచ్చేది. తొందరపడితే తప్పులు దొర్లేవి. ఆ తప్పులు ప్రధానంగా రెండు విధాలు. ఒక పాదమో, ఒక పద్యమో పూర్తిగా జారిపోవడం మొదటిది. దీనిని గ్రంథపాతం అంటారు. ఒక అక్షరానికి బదులు మరొక అక్షరం పడి, చూడటానికి సరిగానే ఉన్న వేరొక మాట ఏర్పడటం రెండవది. ఇది అపపాఠం. గ్రంథపాతం కంటికి కనబడుతుంది కనుక పరిష్కర్త దానిని సులభంగా గుర్తిస్తాడు. అపపాఠం అలా కనబడదు. అది అసలు పాఠంగానే చెలామణి అవుతూ ఒక ప్రతి నుంచి మరొక ప్రతికి పాకిపోతుంది. కాబట్టి రెండింటిలో ఇదే ఎక్కువ ప్రమాదకరం.

కంప్యూటర్‌లోని ప్రాసెసర్ కూడా ఒక లేఖకుని వంటిదే. అది అక్షరాలకు బదులు అంకెలను చదువుతుంది, కలుపుతుంది, తిరిగి రాస్తుంది. తయారీదారు నిర్ణయించిన వేగానికి మించి దానిని నడిపించడాన్ని ఓవర్‌క్లాకింగ్ అంటారు. అలా నడిపించినప్పుడు ప్రాసెసర్ కూడా పై రెండు విధాల తప్పులూ చేయగలదు. ఆ తప్పులకు తావివ్వకుండా అదనపు వేగాన్ని ఎంతవరకు పొందవచ్చునో తెలుసుకోవడమే ఈ విద్యలోని సారం.

ప్రతి ప్రాసెసర్ ఒక లయకు కట్టుబడి పనిచేస్తుంది. నేటి డెస్క్‌టాప్ కంప్యూటర్లలో క్వార్ట్జ్ స్ఫటికం ఆధారంగా ఏర్పడే మూల స్పందన సాధారణంగా 100 మెగాహెర్ట్జ్. ప్రాసెసర్ దానిని ఒక గుణకంతో హెచ్చించి తన లయను ఏర్పరచుకుంటుంది. గుణకం 40 అయితే వేగం 4,000 మెగాహెర్ట్జ్, అనగా 4 గిగాహెర్ట్జ్. సెకనుకు 400 కోట్ల స్పందనలన్నమాట. ఒక స్పందనకూ మరొక స్పందనకూ నడుమ ఉన్న వ్యవధిలో కాంతి సైతం ఏడున్నర సెంటీమీటర్లు మాత్రమే ప్రయాణించగలదు. ఆ స్వల్ప వ్యవధిలోనే విద్యుత్ సంకేతం వరుసగా ఎన్నో ట్రాన్సిస్టర్లను దాటి గమ్యం చేరాలి. చేరకముందే తరువాతి స్పందన వస్తే, ఒకటి ఉండవలసిన చోట సున్న, సున్న ఉండవలసిన చోట ఒకటి నమోదవుతుంది.

అయితే నిర్ణీత వేగానికి మించి నడిపే అవకాశం అసలు ఎందుకు ఉంటుంది? ఒకే సిలికాన్ పలకపై తయారైన చిప్‌లన్నీ ఒకే తీరుగా ఉండవు. ఒకే చేలో పండిన కంకులలో కొన్ని నిండుగా, కొన్ని తేలికగా ఉన్నట్లే వీటిలోనూ తారతమ్యాలుంటాయి. తయారీదారు వాటిని పరీక్షించి తరగతులుగా విభజిస్తాడు. ప్రతి తరగతికీ, అందులోని బలహీనమైన చిప్ కూడా వేసవి వేడిలో సంవత్సరాల తరబడి నిలకడగా పనిచేసేటంత వేగాన్ని నిర్ణయిస్తాడు. బలమైన చిప్‌లలో అందువల్ల కొంత శక్తి వినియోగానికి రాకుండా మిగిలిపోతుంది.

ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ ఇంటెల్ సంస్థ 1998లో విడుదల చేసిన సెలెరాన్ 300ఎ. దాని మూల స్పందన 66 మెగాహెర్ట్జ్, గుణకం నాలుగున్నర, వేగం 300 మెగాహెర్ట్జ్. గుణకాన్ని మార్చే వీలు లేదు. కాని మదర్‌బోర్డులో మూల స్పందనను 100కు మారిస్తే అదే ప్రాసెసర్ 450 మెగాహెర్ట్జ్ వేగంతో నడిచేది. కొందరు దాని అంచులోని ఒక లోహపు పట్టీని టేపుతో కప్పి ఈ మార్పును సాధించారు. వాటిలో అనేకం వోల్టేజీని పెంచకుండానే ఆ వేగాన్ని తట్టుకున్నాయి. చవకగా కొన్న చిప్, అనేక పనులలో ఖరీదైన పెంటియం 2 చిప్‌లతో పోటీపడింది. ఇంతటి లాభం అరుదు. అది చూసి ప్రతి చిప్‌నూ అలాగే సాగదీయవచ్చునని భావించడం పొరపాటు.

ఒక హద్దు దాటిన తరువాత గుణకాన్ని పెంచినంత మాత్రాన ప్రాసెసర్ లొంగదు. అప్పుడు వోల్టేజీ పెంచవలసి వస్తుంది. ట్రాన్సిస్టర్ ఒక స్థితి నుంచి మరొక స్థితికి మారాలంటే అతి సూక్ష్మమైన విద్యుత్ పాత్ర ఒకటి నిండాలి. వోల్టేజీ పెరిగితే ఆ పాత్ర త్వరగా నిండుతుంది, సంకేతం సకాలంలో గమ్యం చేరుతుంది. అయితే ఈ సహాయానికి చెల్లించే వెల చాలా ఎక్కువ.

ప్రాసెసర్ పని చేసేటప్పుడు ఖర్చయ్యే విద్యుత్ శక్తి వేగంతో నేరుగా పెరుగుతుంది. వోల్టేజీతో మాత్రం దాని వర్గానికి అనుగుణంగా పెరుగుతుంది. ఖర్చయిన ఆ శక్తి యావత్తూ వేడిగా మారుతుంది. 100 వాట్లు వాడుతున్న ఒక ప్రాసెసర్‌ను తీసుకుందాం. వేగాన్ని 10 శాతం పెంచి, అందుకోసం వోల్టేజీని కూడా 10 శాతం పెంచామనుకుందాం. 1.1 × 1.1 × 1.1 లెక్కిస్తే 1.331 వస్తుంది. అనగా వేడి 133 వాట్లకు చేరుతుంది. రెండింటినీ 20 శాతం పెంచితే 173 వాట్లవుతుంది. పదింట ఒక వంతు లాభానికి మూడింట ఒక వంతు అదనపు వేడి! అంతటితో ఆగదు. వేడెక్కిన ట్రాన్సిస్టర్ల నుంచి విద్యుత్తు మరింతగా కారిపోతుంది. ఆ కారిన విద్యుత్తు మళ్లీ వేడిని పెంచుతుంది.

ఈ వేడిని బయటికి పంపడానికి ప్రాసెసర్‌పై పలుచగా థర్మల్ పేస్ట్ పూసి, దానిపై రాగితోనో అల్యూమినియంతోనో చేసిన హీట్ సింక్‌ను, ఫ్యానును అమరుస్తారు. కొందరు నీటి ప్రవాహంతో చల్లబరిచే ఏర్పాటు చేసుకుంటారు. ఏ ఏర్పాటయినా వేడిని గదిలోని గాలికే అప్పగించాలి. కనుక గది ఉష్ణోగ్రత ఎంత పెరిగితే ప్రాసెసర్ ఉష్ణోగ్రత దాదాపు అంతే పెరుగుతుంది. డిసెంబరులో గది 25 డిగ్రీల వద్ద ఉండగా ప్రాసెసర్ 80 డిగ్రీలు చూపితే, మే నెలలో గది 40 డిగ్రీలకు చేరినప్పుడు అది 95 డిగ్రీలు చూపుతుంది. రెంటచింతలలోనో, రామగుండంలోనో వేసవి గడిపినవారికి ఈ లెక్కను వివరించి చెప్పనక్కరలేదు. చలికాలంలో కుదిరిన అమరిక మన వేసవిలో కుదరకపోవచ్చు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో అనేకం సుమారు 100 డిగ్రీల వద్ద తమంత తామే వేగాన్ని తగ్గించుకుంటాయి. అప్పుడు అంత శ్రమపడి పెంచిన వేగం అసలు పని పడినప్పుడే చేజారిపోతుంది.

వేడి వలన కలిగే నష్టం వెంటనే తెలుస్తుంది. అధిక వోల్టేజీ వలన కలిగేది నెమ్మదిగా, నిశ్శబ్దంగా జరుగుతుంది. బలమైన విద్యుత్ ప్రవాహం, అధిక ఉష్ణోగ్రత తోడైనప్పుడు చిప్‌లోని సన్నని తీగలలో లోహ పరమాణువులు చోటు మారి కొట్టుకుపోతాయి. ఇటువంటి మార్పుల వలన చిప్ క్రమంగా బలహీనపడి, ఒకప్పుడు సునాయాసంగా నడిచిన వేగాన్నే భరించలేని స్థితికి చేరుతుంది. ఈ ప్రమాదం నిపుణులకు సైతం తప్పలేదు. తన 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో కొన్ని నిలకడ కోల్పోవడానికి అవసరానికి మించిన వోల్టేజీ కారణమని 2024లో ఇంటెల్ సంస్థే ప్రకటించింది. 1.55 వోల్టులకు మించి కోరకుండా ఆ సంవత్సరం ఆగస్టులో ఒక సవరణను విడుదల చేసింది. వారంటీని మరో రెండేళ్లు పొడిగించింది. కాని అప్పటికే దెబ్బతిన్న చిప్‌లను ఆ సవరణ బాగుచేయలేకపోయింది.

కాబట్టి ఈ పనికి పూనుకొనేవారు ఒక క్రమాన్ని పాటించాలి. ముందుగా ముఖ్యమైన ఫైళ్లను వేరొక డిస్కులో భద్రపరచుకోవాలి. మార్పులు చేయకముందు వేగం, వోల్టేజీ, పూర్తి భారం కింద ఉష్ణోగ్రత ఎంతెంత ఉన్నాయో నోటుపుస్తకంలో రాసుకోవాలి. తరువాత బయాస్‌లోకి వెళ్లి గుణకాన్ని ఒక మెట్టు మాత్రమే పెంచాలి. కంప్యూటర్‌ను నడిపి, కొద్దిసేపు పూర్తి భారం మోపి, ఉష్ణోగ్రతను గమనించి, ఫలితాన్ని రాసుకోవాలి. ఇలా ఒక్కొక్క మెట్టే ఎక్కాలి. తడబాటు కనిపించిన చోట రెండు మార్గాలున్నాయి: ఒక మెట్టు దిగడం, లేదా వోల్టేజీని 0.01 లేక 0.02 వోల్టు మాత్రమే పెంచి తిరిగి పరీక్షించడం. ఒకేసారి రెండు మార్పులు చేయరాదు. చేస్తే ఏ మార్పు ఏ ఫలితాన్ని ఇచ్చిందో తెలియదు. ఆ ప్రాసెసర్‌కు నిర్దేశించిన గరిష్ఠ వోల్టేజీని ఎన్నడూ దాటరాదు. యంత్రం అసలు లేవకపోతే మదర్‌బోర్డులోని సీమాస్ అమరికలను చెరిపివేసి తొలి స్థితికి రావచ్చు. ఓవర్‌క్లాకింగ్ వలన కలిగిన నష్టానికి సాధారణంగా వారంటీ వర్తించదన్న విషయం కూడా ముందే తెలిసి ఉండాలి.

కంప్యూటర్ లేచి నిలబడినంత మాత్రాన పరీక్ష ముగిసినట్లు కాదు. ఇక్కడే మొదట చెప్పిన మాటను గుర్తు చేసుకోవాలి. తెర నల్లబడి యంత్రం ఆగిపోవడం గ్రంథపాతం వంటిది. తప్పు జరిగినట్లు అందరికీ తెలుస్తుంది. యంత్రం ఆగకుండానే ఎక్కడో ఒక అంకెను తప్పుగా లెక్కించి ఫైలులో రాసిపెట్టడం అపపాఠం వంటిది. ఒక విద్యార్థి నెలల తరబడి కూర్చిన ప్రాజెక్టు లెక్కలలో అటువంటి అంకె ఒక్కటి చేరితే, అతడు దానిని నమ్మి ముగింపు రాస్తాడు. భద్రపరచిన ప్రతిలోకి కూడా ఆ తప్పే చేరుతుంది. అందుచేతనే ప్రైమ్95 వంటి ప్రోగ్రాములలోని పరీక్షలను వాడతారు. అవి ముందే జవాబు తెలిసిన పెద్ద లెక్కలను ప్రాసెసర్ చేత గంటల తరబడి చేయించి, వచ్చిన జవాబును అసలు జవాబుతో సరిచూస్తాయి. నమ్మదగిన మాతృకతో ప్రతిని అక్షరమక్షరం పోల్చి చూసే పరిష్కర్త పని కూడా ఇదే. గంటల పరీక్షలో ఒక్క తప్పు వచ్చినా ఆ వేగం మనది కాదు. మెట్టు దిగవలసిందే.

ఇంత శ్రమకు తగిన ఫలం ఉన్నదా అని అడగవచ్చు. వేగాన్ని మాత్రమే నమ్ముకున్న మార్గం ఎక్కడికి చేరుతుందో తయారీదారులకే అనుభవమైంది. వేడి నానాటికీ అదుపు తప్పుతున్న దశలో, 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4 ను తెచ్చే ప్రయత్నాన్ని 2004లో ఇంటెల్ విరమించుకున్నది. 2005 నుంచి ఒకే చిప్‌లో రెండు కోర్లను అమర్చి పనిని పంచే మార్గం పట్టింది. 2008 నుంచి టర్బో బూస్ట్ అనే ఏర్పాటుతో, ఉష్ణోగ్రత అనుమతించినంత మేరకు ప్రాసెసరే తన వేగాన్ని పెంచుకోవడం మొదలైంది. మిగులు శక్తిలో అధికభాగాన్ని నేటి చిప్‌లు తామే వాడుకుంటున్నాయి కనుక చేతితో పొందగలిగే లాభం తగ్గింది. వోల్టేజీని కొద్దిగా తగ్గించి, అదే వేగాన్ని తక్కువ వేడితో పొందడమే మేలని భావించేవారు కూడా ఉన్నారు. దానికీ ఇదే ఓర్పు, ఇదే పరీక్ష అవసరం.

విద్యార్థులారా! కొండనాలుకకు మందు వేస్తే ఉన్న నాలుక ఊడిందన్న సామెత మీరు విన్నదే. తెగేదాకా లాగకూడదన్న మాటా విన్నదే. అయితే అసలు లాగవద్దని పెద్దలు అనలేదు. ఎంతవరకు లాగవచ్చునో లాగుతున్న చేతికి తెలియాలన్నారు. ఆ ఎరుక చిప్ పెట్టెపై ముద్రించిన అంకెలో ఉండదు. ఒక మెట్టు ఎక్కి, పరీక్షించి, రాసుకొని, అవసరమైనప్పుడు సంకోచం లేకుండా ఒక మెట్టు దిగగలిగినవానికే అది లభిస్తుంది.

అభ్యాసం

1. గ్రంథపాతానికీ, అపపాఠానికీ గల భేదమేమి? ఓవర్‌క్లాకింగ్‌లో ఎదురయ్యే తప్పులకు రచయిత వాటిని ఎట్లా అన్వయించాడు?
2. వేగాన్నీ, వోల్టేజీనీ 10 శాతం చొప్పున పెంచినప్పుడు వేడి 33 శాతం పెరగడానికి కారణాన్ని వివరించండి.
3. చలికాలంలో కుదిరిన అమరిక వేసవిలో ఎందుకు కుదరకపోవచ్చు?
4. "ఒకేసారి రెండు మార్పులు చేయరాదు." ఈ నియమం మీ చదువులో, నిత్యజీవితంలో ఎక్కడ ఉపకరిస్తుందో సోదాహరణంగా రాయండి.