కాగ్: రీడ్ యాక్సెస్ మాత్రమే ఉన్న అధికారి

మా చీమకుర్తిలో గెలాక్సీ గ్రానైట్ బ్లాకు క్వారీ దాటాలంటే ప్రభుత్వానికి సీనరేజీ కట్టాలి, పర్మిట్ తీసుకోవాలి. ఆ డబ్బు సరిగ్గా వస్తోందా అని గనుల శాఖ చూస్తుంది. సరే, మరి గనుల శాఖని చూసేదెవరు?

కాగ్. అంటే కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్. ఇప్పుడు ఆ కుర్చీలో ఉన్నది మన తెలుగాయనే, కె. సంజయ్ మూర్తి గారు. అమలాపురం మాజీ ఎంపీ కె.ఎస్.ఆర్. మూర్తి గారి అబ్బాయి. 1989 బ్యాచ్ ఐఏఎస్, హిమాచల్ ప్రదేశ్ క్యాడర్. కేంద్ర ఉన్నత విద్యాశాఖ కార్యదర్శిగా చేసి, 2024 నవంబర్ 21న కాగ్‌గా ప్రమాణం చేశారు.

పేరులో కంప్ట్రోలర్ ఉంది గానీ చేతిలో కంట్రోల్ లేదు. ఖజానా నుంచి డబ్బు పోతుంటే ఆపలేరు, తప్పు చేసిన ఆఫీసర్ని సస్పెండ్ చెయ్యలేరు. మన భాషలో చెప్పాలంటే, రీడ్ యాక్సెస్ ఉంది, రైట్ యాక్సెస్ లేదు. ఆడిట్ వాళ్ళు చేసే పని కూడా రెండు టేబుల్స్ జాయిన్ చేయడం లాంటిదే. గనుల శాఖ ఇచ్చిన పర్మిట్లు ఒక పక్క, పన్నుల శాఖ దగ్గరున్న అమ్మకాల లెక్కలు ఇంకో పక్క పెట్టారనుకోండి. పర్మిట్ ఇచ్చిన రాయి కంటే అమ్మిన రాయి ఎక్కువ తేలితే ఆ తేడా మీద ప్రశ్న రాస్తారు. శాఖ జవాబు చెప్పుకోవాలి. జవాబు సరిపోకపోతే అది రిపోర్టులోకి ఎక్కొచ్చు. రాష్ట్రానికి సంబంధించిన రిపోర్టు గవర్నర్ ద్వారా అసెంబ్లీకి, అక్కడ్నుంచి పబ్లిక్ అకౌంట్స్ కమిటీకి వెళ్తుంది.

ఇలా రాసేవాళ్ళకి భయం ఉండకూడదు కదా. అందుకే కాగ్‌ని తీసెయ్యడం సుప్రీంకోర్టు జడ్జిని తీసేసినంత కష్టం. పదవీకాలం ఆరేళ్ళు, లేదా 65 ఏళ్ళు నిండేదాకా, ఏది ముందైతే అది. దిగాక కేంద్రంలోగానీ రాష్ట్రంలోగానీ ఇంకో ప్రభుత్వ పదవి తీసుకోకూడదని 148వ ఆర్టికల్‌లోనే ఉంది. రేపటి పోస్టు ఆశ చూపించి ఇవాళ్టి రిపోర్టు మార్పించకుండా అన్నమాట.

నాకు నచ్చని సంగతి ఒకటుంది. దిగేటప్పటికి ఇన్ని జాగ్రత్తలు పెట్టి, ఎక్కేటప్పుడు మాత్రం ఎంపిక ప్రభుత్వం చేతుల్లోనే వదిలేశారు. రాష్ట్రపతి సంతకం ఉంటుంది, పేరు పంపేది మాత్రం ప్రభుత్వం. పైగా ఆడిట్ కోసమే ఐఏ అండ్ ఏఎస్ అని ఒక సర్వీసు ఉండగా, ఈ మధ్య కాగ్‌లందరూ ఐఏఎస్ వాళ్ళే. 2జీ రిపోర్టుతో అందరికీ తెలిసిన వినోద్ రాయ్ కూడా ఐఏఎస్సే, కాబట్టి ఐఏఎస్ అయితే మెతగ్గా ఉంటారని అనలేం. కానీ నిన్నటిదాకా ఖర్చుపెట్టిన శాఖనే ఇవాళ ఆడిట్ చెయ్యాల్సి వస్తే ఎవరికైనా ఇబ్బందే.

ఇష్టమున్నవాళ్ళకి దారి రెండు రకాలు. సివిల్స్ రాసి ఐఏ అండ్ ఏఎస్ వస్తే సిమ్లా అకాడమీలో ట్రైనింగ్. లేదంటే ఎస్‌ఎస్‌సీ సీజీఎల్‌లో ఆడిటర్ పోస్టు, దానికి మన బీటెక్ సరిపోతుంది.