పెట్టె సర్దే ముందు పనులు అప్పగించండి

"ఒక్క సెమిస్టరే కదా" అంటారు పిల్లలు. "అమ్మో, ఆరు నెలలే!" అంటారు పెద్దవాళ్లు. ఇక ఇంట్లో హడావిడి మొదలు. నాన్న ఫారాలు నింపుతుంటాడు, అమ్మ పొడులు కొడుతుంటుంది, ప్రయాణం చేయాల్సిన మనిషి మాత్రం ఫోన్ చూసుకుంటూ కూర్చుంటుంది. ఈ వరస కాస్త మార్చండి. బయల్దేరేలోపు ఎన్ని పనులు పిల్లల చేతికి అలవాటయ్యాయో చూసుకోండి. పెట్టె సంగతి ఆ తర్వాత.

జర్మనీ వెళ్లే అమ్మాయినే అనుకుందాం. అక్కడి విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి శీతాకాల సెమిస్టర్ అక్టోబర్ 1న మొదలవుతుంది. స్కాలర్‌షిప్ లేనివాళ్లు వీసా కోసం ఖర్చుల డబ్బు చూపించాలి. చాలామంది దాన్ని బ్లాక్డ్ అకౌంట్‌లో వేస్తారు. 2024 సెప్టెంబర్ నుంచి ఆ లెక్క నెలకు 992 యూరోలు. అక్కడికి వెళ్లాక నెలనెలా ఆ మేరకే చేతికొస్తుంది. అద్దె, ఆరోగ్య బీమా పోను మిగిలిన దాంట్లోనే తిండీ, తిరుగుడూ. గది అడ్వాన్సు కింద మూడు నెలల అద్దె దాకా అడగవచ్చు, అది విడిగా పెట్టుకోవాలి. ఈ లెక్కంతా మీరు వేసి ఇవ్వకండి. కాగితం, పెన్ను తనకిచ్చి వేయమనండి. తప్పు పోతే ఇక్కడే పోనీయండి, దిద్దడానికి మీరు పక్కనే ఉంటారు.

బ్యాంకు ఓటీపీలన్నీ నాన్న ఫోన్‌కే వచ్చే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. అమ్మాయి ఖాతాకి తన నంబరే పెట్టించి, ఆ సిమ్‌కి ఇంటర్నేషనల్ రోమింగ్ ఇక్కడ ఉండగానే ఆన్ చేయించండి.

తిండి దగ్గరికొచ్చేసరికి మన చెయ్యి ఆగదు. కానీ బయటి దేశాల నుంచి యూరోపియన్ యూనియన్‌లోకి వచ్చే ప్రయాణికులు మాంసం, పాల పదార్థాలు తేకూడదు. అంటే నెయ్యి డబ్బా, పాలకోవా, చికెన్ పచ్చడి ఇంట్లోనే ఉండిపోవాలి. పచ్చి కరివేపాకుకి కూడా అధికారిక ధ్రువపత్రం కావాలి. ఆవకాయ, కందిపొడి, చింతపండు పట్టుకెళ్లవచ్చు. కుక్కర్ కొనేటప్పుడు అడుగున అయస్కాంతం ఆనించి చూడండి. అది అంటుకోకపోతే ఇండక్షన్ పొయ్యి మీద ఆ కుక్కర్ పనికిరాదు. హాస్టల్లో ఏ పొయ్యి ఉందో అమ్మాయినే మెయిల్ రాసి కనుక్కోమనండి. ఓ వారం పాటు రాత్రి వంట తనకే వదిలేయండి. పప్పు అడుగంటినా సరే, గరిటె లాక్కోకండి. అక్కడి గదుల్లో పొగ పసిగట్టే అలారాలు ఉంటాయి కాబట్టి ఎండుమిర్చి నల్లబడేదాకా తిరగమోత పెట్టే అలవాటు మాత్రం ఇక్కడే మాన్పించండి.

రోజూ వేసుకునే మందులుంటే సొంత వాడకానికి మూడు నెలలకు సరిపడానే జర్మనీకి తీసుకెళ్లవచ్చు. ఆ తర్వాత అక్కడి డాక్టర్ని చూడాల్సిందే. అందుకే మందుల జెనరిక్ పేర్లతో చీటీ రాయించుకోవాలి. ఈసారి డాక్టరు దగ్గర తననే మాట్లాడనిచ్చి మీరు వెనక కుర్చీలో కూర్చోండి.

ఫోన్లకీ ఓ పద్ధతి పెట్టుకోండి. అక్టోబర్ చివరి ఆదివారం దాకా మనకీ వాళ్లకీ మూడున్నర గంటల తేడా, ఆ తర్వాత నాలుగున్నర. చలికాలంలో మీరు కాఫీ తాగుతూ పొద్దున ఆరున్నరకి ఫోన్ చేస్తే అక్కడ రాత్రి రెండు. ఇద్దరికీ కుదిరే వేళ ముందే అనుకుంటే, ఒకరోజు ఫోన్ రాకపోయినా ఇంటిల్లిపాదీ కంగారు పడక్కర్లేదు.

డిసెంబర్‌లో అక్కడ సాయంత్రం నాలుగు దాటగానే చీకటి పడిపోతుంది. ఆ రోజుల్లో గొంతు డీలాగా వినిపిస్తే "వచ్చేయ్ తల్లీ" అనకండి. "ఇంత ఖర్చు పెట్టాం" అని అసలే అనకండి. చెప్పేదంతా విని, "ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగి ఆగండి. తిండి, నిద్ర, క్లాసులు రోజుల తరబడి తప్పుతున్నాయంటే మాత్రం ఊరుకోకూడదు. జర్మనీలో చాలా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల కోసం కౌన్సెలర్లు ఉంటారు. తను వెళ్లే చోట వాళ్లని ఎలా కలవాలో తననే వెతకమని, వాళ్ల నంబరు మీరూ రాసి పెట్టుకోండి.