ఖైదీని పరామర్శించడం – మరచిపోతున్న ధర్మం

దివ్య ఖుర్ఆన్‌లోని 76వ సూరా 8వ ఆయత్‌లో అల్లాహ్ పుణ్యాత్ముల గుణాలను వర్ణిస్తూ, ఆయన ప్రేమతో నిరుపేదకు, అనాథకు, ఖైదీకి అన్నం పెట్టేవారిని ప్రస్తావించాడు. రమజాన్ మాసం రాగానే నిరుపేదలు, అనాథలు మనకు గుర్తుకొస్తారు. ఖైదీ మాత్రం గుర్తుకురాడు.

హజ్రత్ యూసుఫ్ (అ) ఏ నేరమూ చేయకుండానే చెరసాల పాలయ్యారు. విడుదల కాబోతున్న తోటి ఖైదీతో, నీ ప్రభువు దగ్గర నా సంగతి ప్రస్తావించమని కోరారు. బయటికి వెళ్ళాక ఆ సంగతిని షైతాన్ అతని చేత మరపింపజేశాడు. దాంతో యూసుఫ్ (అ) మరికొన్ని సంవత్సరాలు చెరలోనే ఉండిపోయారు (12:42). లోపలివారిని మరచిపోవడం షైతాన్‌కు ఎంత ఇష్టమైన పనో దీన్నిబట్టి గ్రహించవచ్చు.

‘అతను నిజంగానే తప్పు చేసి ఉంటే?’ అని కొందరు అడుగుతారు. దీనికి జవాబు దైవప్రవక్త (స) ఆచరణలోనే ఉంది. బనూ హనీఫా తెగ నాయకుడు సుమామా బిన్ ఉసాల్ ముస్లిములకు బద్ధశత్రువు. పట్టుబడిన అతణ్ణి మస్జిదె నబవీలో ఒక స్తంభానికి కట్టివేశారు. దైవప్రవక్త (స) వరుసగా మూడు రోజులు స్వయంగా అతని దగ్గరకు వెళ్ళి మాట్లాడారు. మూడో రోజు విడిచిపెట్టమని ఆజ్ఞాపించారు. సుమామా దగ్గర్లోని ఖర్జూర తోటలో స్నానం చేసి, తిరిగొచ్చి ఇస్లాం స్వీకరించారు. పలకరించినంత మాత్రాన నేరాన్ని సమర్థించినట్లు కాదు.

ఇక మన నగరం సంగతి చూద్దాం. ఉస్మానియా విశ్వవిద్యాలయ క్యాంపస్‌లో సభకు అనుమతి నిరాకరించడంపై నిరసన తెలిపి అరెస్టయిన 18 మంది విద్యార్థి కార్యకర్తలను 2022 మే 7న రాహుల్ గాంధీ చంచల్‌గూడ జైలులో కలిశారు. పెద్ద నాయకుడు వెళితే అది వార్త అవుతుంది. మరి ఏ నాయకుడూ రాని ఖైదీ మాటేమిటి? జిల్లాల నుండి వచ్చి తార్నాకలో గది అద్దెకు తీసుకుని చదువుకునే కుర్రాడు కేసులో చిక్కుకుంటే, తల్లిదండ్రులు ఊరి నుండి చేరుకునేదాకా అతనికి దగ్గరివారు పక్క గది వాళ్ళు, ఇంటి యజమాని, మస్జిద్‌లో పక్కన నిలబడి నమాజ్ చేసినవారే. భయంతోనో, నలుగురూ ఏమనుకుంటారోననో వాళ్ళే ముఖం చాటేస్తే అతనికి ఇంకెవరున్నారు?

ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022 చివరినాటికి దేశంలోని జైళ్ళలో ఉన్న 5,73,220 మందిలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. అంటే ప్రతి నలుగురిలో ముగ్గురి నేరం ఇంకా రుజువు కాలేదు. బెయిలు మంజూరైనా పూచీకత్తు ఇచ్చేవారు లేక లోపలే మగ్గేవారూ ఉన్నారు.

కుటుంబ సభ్యులనూ మిత్రులనూ కలుసుకోవడం 21వ అధికరణం కల్పించే జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు 1981లో ఫ్రాన్సిస్ కొరాలీ ముల్లిన్ కేసులో తీర్పు చెప్పింది. కాబట్టి ములాఖత్‌కు వెళ్ళడానికి జంకవలసిన పని లేదు.

వెళ్ళేవారు కొన్ని విషయాలు గుర్తుంచుకోవాలి. గుర్తింపు కార్డు వెంట ఉంచుకోవాలి. ములాఖత్ రోజులు, వేళలు, అనుమతించే వస్తువులు ముందే తెలుసుకోవాలి. దొరికే సమయం కొద్దిదే. దాన్ని మందలింపులతో వృథా చేయకూడదు. కేసు వివరాలు వకీలుకు వదిలేసి ఆరోగ్యం గురించి, వాయిదా తేదీ గురించి అడగాలి. అమ్మ మందులు వేసుకుంటోందని, పిల్లలు బడికి వెళుతున్నారని చెప్పాలి. వకీలును పెట్టుకునే స్తోమత లేకపోతే జిల్లా న్యాయసేవాధికార సంస్థకు దరఖాస్తు చేయించాలి. 1987 నాటి చట్టం ప్రకారం నిర్బంధంలో ఉన్నవారికి ఉచిత న్యాయసహాయం పొందే హక్కు ఉంది.

అందరూ జైలుదాకా వెళ్ళలేరు. అలాంటివారు ఖైదీ ఇంటికైనా వెళ్ళవచ్చు. ఆ ఇల్లాలికి సలాం చెప్పి, సరుకులు ఉన్నాయో లేదో కనుక్కోవచ్చు. తండ్రి జైల్లో ఉన్నాడని ఆ పిల్లలతో మన పిల్లల్ని ఆడుకోనివ్వకపోవడం ఘోరమైన అన్యాయం. ఒకరి పాప భారాన్ని మరొకరు మోయరని దివ్య ఖుర్ఆన్ స్పష్టం చేస్తోంది (6:164).

ఆకలిగొన్నవారికి అన్నం పెట్టమని, రోగిని పరామర్శించమని, ఖైదీని విడిపించమని దైవప్రవక్త (స) ఆదేశించినట్లు హజ్రత్ అబూ మూసా అష్అరీ (రజి) ఉల్లేఖించారు. మొదటి రెండింటినీ మనం ఎంతో కొంత పాటిస్తున్నాం. ఇకనైనా ఆ మూడోదాన్నీ జ్ఞాపకం ఉంచుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనకు ప్రసాదించుగాక! ఆమీన్.